వదిన దాచిన చిన్న భాగం

ఆదోనిలో నాకో కంప్యూటర్ రిపేరు కొట్టు ఉంది. మూలపడ్డవాటిని లేపి నిలబెడతానని పేరు. పేరుతోపాటు కాస్త పొగరు కూడా వచ్చింది. అది ఎమ్మిగనూరులో ఒక ఇంట్లో దిగిపోయింది.

ఆ ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లాం ఇద్దరే. ఆయన చీరలు నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. అన్నా, వదినా అనే పిలుస్తాను. చీర అంచులను కంప్యూటర్‌లో గళ్ల మీద గీసి, ఆ గళ్ల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గం పైన, అంచు పూలు తీసే జాకార్డుకు తగిలిస్తారు. ఆ డిజైన్లే వాళ్ల ఆస్తి. ఈ మధ్య వదిన కూడా గీయడం నేర్చుకుని గోరింటాకుల అంచు ఒకటి పూర్తిచేసింది. దానికింకా అట్టలు కొట్టలేదు.

ఎవరెవరో తెచ్చే పెన్‌డ్రైవుల వైరస్‌లతో ఆ కంప్యూటర్ నడవడమే మానేసింది. విండోస్ తీసేసి, వైరస్‌లు అంతగా పట్టని లైనక్స్ వేస్తానని నేనే ముందుకొచ్చాను.

నా ఖర్మకొద్దీ శ్రావణ సోమవారం నాడు బయల్దేరాను. ఉరుకుంద గుడికి పోయే జనంతో బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. తిరుగు బస్సు ఇంకెంత ఘోరంగా ఉంటుందోనని, దిగేటప్పటికే చిరాకు మొదలైంది.

డిస్కు రెండు భాగాలుగా ఉంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పాత పెళ్లిపత్రిక వెనక పొడవాటి డబ్బా గీసి, అడ్డంగా గీత కొట్టాను. చిన్నదాంట్లో విండోస్ ఉంటుంది, దాన్ని తుడిచి అక్కడే లైనక్స్ వేయాలి. మెమరీ చాలనప్పుడు వాడుకోవడానికి స్వాప్ కూడా అందులోనే కొంచెం. పెద్దదాంట్లో డిజైన్లు ఉంటాయి, దాని జోలికి పోకూడదు. నేను తెరిచిన కంప్యూటర్లన్నీ ఇట్లాగే ఉండేవి. ఒకసారి లోపలికి తొంగిచూస్తే రెండు నిమిషాలు పట్టేది. చూడలేదు.

"డిజైన్లన్నీ పెద్దదాంట్లోనే కదన్నా?"

"ఆడనే ఉంటాయిలేప్పా" అన్నాడు అన్న, మగ్గం గుంతలో నుంచి, అటూ ఇటూ విసిరే నాడె ఆపకుండా.

వదిన రాట్నం ఆపింది. "అప్పా, ఒక్క మాట..."

"ఉండు వదినా, మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతాది" అన్నాను. అక్కడ తప్పడానికి లెక్కంటూ ఏమీ లేదు. ఆమె మళ్లీ రాట్నం తిప్పుకుంది.

ఈ భాగంలో ఉన్నదంతా పోతుంది, సరేనా అని కంప్యూటర్ తెర మీద అడిగింది. సరే అని నొక్కాను.

లైనక్స్ చక్కగా లేచింది. ఇద్దరికీ చూపిద్దామని గొప్పగా పెద్ద భాగం తెరిచాను. పాత విండోస్, సినిమాలు, బంధువుల పెళ్లి వీడియోలు ఉన్నాయి. డిజైన్లు లేవు.

"డిజైన్లు యాడ పెడతాంటివన్నా?"

"నేను గీసేవరకే అప్పా. దాసేది మీ వదిన."

వదిన తలెత్తలేదు. "సిన్నదాంట్లో పెట్టినాను. పట్టుచీరలు సిన్న పెట్టెలో దాసి, కట్టుకునేటివి పెద్ద పెట్టెలో ఏస్తాం కదా, అట్లనే. అదే సెప్దామనుకుంటి."

డిస్కును ఆదోనికి తెచ్చుకుని వారం రోజులు వెతికాను. తుడిచినచోటే కొత్త సిస్టం కూర్చుంది కాబట్టి ముక్కలే దొరికాయి, అవి కూడా గళ్లు చెదిరిపోయినవి. సిగ్గుతో తిండి సహించలేదు.

ఇంటి దూలానికి పాత అట్టల కట్టలు వేలాడుతుండటం ఒక్కటే అదృష్టం. ఆరు ఆదివారాలు ఎమ్మిగనూరు పోయాను. వదిన ఒక్కో అట్టను వాకిలి వెలుతురుకు పట్టి "చిల్లుంది, ఉంది, లేదు, ఉంది" అని చదివేది. నేను గళ్లు నింపేవాణ్ని. ఒక్క అంచుకే వందల అట్టలు. అన్న డిజైన్లు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. గోరింటాకుల అంచు రాలేదు. దానికి అట్టలే లేవు కదా. దాని గురించి వదిన ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

చివరి ఆదివారం కొత్త డిస్కు ఒకటి నేనే కొనుక్కుని పోయాను. ఈసారి పెళ్లిపత్రిక, పెన్సిల్ వదిన చేతికిచ్చి, నీకు ఎట్లా కావాలో గీయమన్నాను. ఆమె డబ్బా గీసి, సిస్టంకు ఒక కొసన చిన్న ముక్క పెట్టింది. మిగిలినదంతా డిజైన్లకు అంది. తర్వాత పెన్సిల్ ఆపింది.

"తుడిసేకి ముందు ఇది మనల్ని అడుగుతాదా అప్పా?"

"అడుగుతాది వదినా."

"ఆ పొద్దు కూడా అడిగిండెనా?"

"అడిగింది."

"మిషనైనా అడిగిందిలే" అని, కాగితం నా ముందుకు జరిపింది.