చెమట ఆరేదాకా

చంటీ, నీ గురించి రాయమన్నారురా. పోయిన వైశాఖంలో నిన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు, అప్పటికే నువ్వు లేవు. ఆ రోజు నుంచి ఈ పిలుపు పైకి అనలేదు నేను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

ఇది చదివే పిల్లలూ, నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. జట్టు కెప్టెన్ ఇంటికొచ్చి, ఈ ఏడాది పోటీల పుస్తకంలో మీ అబ్బాయి గురించి నాలుగు మాటలు రాయండమ్మా అన్నాడు. తప్పులుంటే తనే దిద్దుతానన్నాడు. అక్షరాల తప్పులైతే దిద్దగలడు.

మావాడు బాస్కెట్‌బాల్ ఆడేవాడు. ఆ ఆట చూసి ఒక కంపెనీ వాడికి ఉద్యోగమిచ్చింది. టెంపరరీ. పోటీలో జట్టు గెలిస్తే పర్మనెంటు చేస్తామన్నారు. మాది మల్కాపురం. వాళ్ళ నాన్నకి ఓడల దగ్గర మూటలు దించే పని. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులు, ఏ సందులో చూసినా పని కోసం వచ్చిన కుర్రాళ్ళే. బంతి ఎగరేస్తే జీతమిస్తారంటే నాకు ముందు నమ్మకం కలగలేదు. నమ్మకం కలిగాక భయం మొదలైంది.

ఎందుకంటే వాళ్ళ జట్టులో ఒకతను మోకాలు మెలిపడి పడిపోయాడు. మూడు నెలలు కట్టుతో ఉన్నాడు. కట్టు విప్పి వచ్చేసరికి అతని చోట ఇంకొకరు ఆడుతున్నారు. అన్నం తింటూ మావాడు ఈ సంగతి చెబితే నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నీ కాలికి దెబ్బ తగిల్తే ఏటవుద్దిరా?" అన్నాను.

"ఏటవుద్ది, నీ పక్కన కూకుని బియ్యంలో రాళ్ళేరతాను" అని నవ్వాడు. నేను నవ్వలేదని చూసి కంచం ముందునుంచి లేచాడు. ఎగిరి వాసం ముట్టుకుని కిందకి దిగాడు. అలమరలో గ్లాసు కూడా కదల్లేదు. "ఎగరడం అందరికీ వచ్చమ్మా. దిగడం రావాల" అన్నాడు.

ఆ రోజు నుంచి వాడికంటే ఎక్కువగా వాడి కాళ్ళని నేనే కాచుకున్నాను. మోకాళ్ళకి నువ్వుల నూనె మర్దనా చేసేదాన్ని. నా పాత చీర చింపి పట్టీలు చేస్తే, అవి చీలమండలకి చుట్టుకుని పైన రెండు జతల మేజోళ్ళు తొడిగేవాడు. ఆటకి వెళ్ళేముందు వాకిట్లో నడుం వంచి, కాళ్ళు చాచి, మూలుగుతూ ఒళ్ళు సాగదీసేవాడు. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "మీవోడు ఆటకెల్తన్నాడా, పురుటికెల్తన్నాడా?" అనేది. "నువ్వే మంత్రసానివి, రా పిన్నీ" అనేవాడు వాడు.

మ్యాచ్ ఉన్న రోజు నాకు పని సాగేది కాదు. గుమ్మంలో కూర్చుని సైకిల్ స్టాండు వేసిన చప్పుడు కోసం చూసేదాన్ని. తర్వాత బూటు ఒకటి పడేది. రెండోది పడేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. రెండూ పడితే రెండు కాళ్ళూ బాగున్నట్టు.

ఇంకొకటి కూడా నేర్పాను వాడికి. మా పల్లెలో మా నాయన పొలం నుంచి చెమటతో వస్తే, ఆరేదాకా చెంబు ముట్టుకునేవాడు కాదు. చెమట మీద నీళ్ళు తాగితే నెమ్ము చేస్తుందని అందరం అనుకునేవాళ్ళం. మావాడు చిన్నప్పటి నుంచీ రెండు వేళ్ళు మెడ వెనక పెట్టి చూసుకుని, పొడిగా ఉంటేనే తాగేవాడు. జట్టులో వాళ్ళు ముందు నవ్వారు, తర్వాత వాళ్ళూ అలాగే చేశారు. "ఆరిందా?" "ఆరలేదురా బావా" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. నా పెంపకం జట్టంతా నేర్చుకుందని నాకు గొప్పగా ఉండేది.

ఆ రోజు రెండు మ్యాచ్‌లు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఎండలో సిమెంటు గచ్చు మీద ఇంకొకటి. వాళ్ళ నాన్న పని మానుకుని చూడ్డానికి వెళ్ళారు. "కాళ్ళు జాగర్త" అన్నాను నేను. "కాళ్ళకేటవ్వదమ్మా" అన్నాడు.

కాళ్ళకి ఏమీ అవలేదు. రెండో మ్యాచ్ చివర్లో బంతి పట్టుకుని సొంత జట్టు బుట్ట వైపు నడిచాడట. హాస్యానికి చేస్తున్నాడనుకున్నాడు కెప్టెన్. అంతలో కూలబడిపోయాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోందట, చెమటే లేదట. ఆసుపత్రికి పరుగెత్తి నేను మొదట దుప్పటి తీసి చూసింది కాళ్ళనే. వాపు లేదు, గాయం లేదు. అమ్మయ్య అనుకున్నాను.

"పొద్దున్నుంచి నీళ్ళు తాగాడామ్మా?" అని అడిగారు డాక్టరుగారు.

"సెమట మీద తాగడు బాబూ. జాగర్తెరిగిన పిల్లడు" అన్నాను, గర్వంగానే.

ఆయన నా ముఖం చూసి, వాడి మంచం వైపు తిరిగారు. తెల్లారేసరికి మావాడు పోయాడు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి నెమ్మదిగా చెప్పారు, చెమట కారుతున్నప్పుడే నీళ్ళు పడాలని, ఉప్పు కూడా లోపలికి పోవాలని. మీరొక్కరే కాదమ్మా, చాలామంది అలాగే అనుకుంటారన్నారు.

ఈ మాట మా ఆయనకి చెప్పలేదు. ఏడాది కావస్తోంది. ఆయన నావైపు చూసినప్పుడల్లా తెలిసిపోయిందేమోనని ముఖం తిప్పుకునేదాన్ని. కెప్టెన్ కాగితాలిచ్చి వెళ్ళాక ఇంకో భయం పట్టుకుంది. నేను రాయకపోతే, రేపు ఎండలో ఇంకో తల్లి కన్న పిల్లాడు మెడ మీద వేళ్ళు పెట్టుకుని ఆరేదాకా ఆగుతాడు.

మొన్న ఆయన పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పేశాను. "ఆడికి నీల్లొద్దని నేర్పింది నానే. దానివల్లే పోనాడట."

ఆయన చేతిలో చెంబు కింద పెట్టారు.

"నువ్వు సిన్నప్పుడు నేర్పావు. ఆ రోజు గ్రౌండుకాడ ఆడు నా దగ్గరికొచ్చి, నాన్నా, నీల్లున్నాయా అన్నాడే. ముందు ఆరనీరా అన్నాను నాను."

ఆయన కూడా ఏడాదిగా నాకు భయపడుతున్నారు. ఆ రోజు ఇద్దరం అన్నం ముట్టలేదు.

నిన్న ప్రాక్టీసుకి ఇద్దరం వెళ్ళాం. కుండ నిండా ఉప్పు వేసిన మజ్జిగ ఆయనే మోశారు. ఆట మధ్యలో మావాడి చోట ఆడుతున్న అబ్బాయి చెమటలు కారుతూ వచ్చి గ్లాసు అందుకున్నాడు. అందుకుని, రెండు వేళ్ళు మెడ వెనక పెట్టాడు.

"తడిగానే ఉందిలే నాయనా. తాగు" అన్నారు మా ఆయన.

మెడ మీద వేళ్ళు తీయకుండానే గ్లాసంతా తాగాడు.

పిల్లలూ, దాహమైతే ఆగకండి. వేళకి కడుపునిండా తినండి.