డ్రాయింగులు దిద్దిన సన్యాసిరావు మాస్టారు

సన్యాసిరావు మాస్టారు పరమపదించారన్న కబురు ఫోనులో అందినప్పుడు నా ముందు ఒక మెట్లవరుస డ్రాయింగు ఉంది. ఫోను పెట్టేసి మరో రెండు కొలతలు సరిచూశాను. వాటిమీద పసుపు పెన్సిలు కూడా గీశాను. మూడో కొలత దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎవరు పోయారన్నారు? మళ్ళీ ఫోను చేశాను. "మీ మాస్టారేనమ్మా. పొద్దున్న టీ తాగి కుర్సీలోనే వాలిపోనారు," అన్నారు ఆయన బావమరిది. పన్నెండు రోజులు గడిచినా నా మనసు స్థిమితంగా లేదు. దానికి ఆయన మరణం ఒక్కటే కారణం కాదు. ఆ రెండో కారణం కూడా చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన బడిపంతులు కారు. ఏ ఉక్కు దూలం ఏ స్తంభానికి ఎన్ని బోల్టులతో కలవాలో, ఏ రేకుకు ఎక్కడ రంధ్రం పడాలో కాగితం మీద పెట్టడం మా వృత్తి. ఆ కాగితం చూసే వర్క్‌షాపులో ఇనుము కోస్తారు. మాస్టారు రైతు కుటుంబంలో పుట్టి, మల్కాపురంలో కాపురముండి, బోర్డు మీద గీసి గీసి వేళ్ళు కాయలు కాయించుకున్న మనిషి. తొంభైల చివర్లో సీతమ్మధారలోని మా ఆఫీసులో డ్రాయింగులు సరిచూసే పెద్ద ఆయనే. డిప్లొమా చేతబట్టుకుని గోపాలపట్నం నుంచి వచ్చిన నాకు పని నేర్పిన గురువు కూడా ఆయనే.

మా పనిలో ఒక ఆచారముంది. సరిచూసేవారు సరైన ప్రతి అంకె మీదా పసుపు రాస్తారు, తప్పయితే ఎర్రగా చుడతారు. గీసినవాళ్ళు ఆ తప్పు దిద్ది పక్కన పచ్చ టిక్కు పెడతారు. ఈ విధిని మాస్టారు నిత్యపూజలా నిర్వహించేవారు. "పసుపు రాసిందే సూసినట్టు పద్మమ్మా. రాయంది సూడనట్టే. మనసులో సూసేనంటే నానొప్పుకోను," అనేవారు. నేనొకసారి ఒక మూల పసుపు రాయకుండా వదిలేస్తే కాగితం మొత్తం నా చేత మళ్ళీ మొదటినుంచి సరిచూయించారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో కట్టడాన్ని తెరమీదే నిలబెట్టి, దానినుంచి డ్రాయింగులు తీసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మాస్టారి పని అయిపోయిందని మేము గుసగుసలాడుకున్నాం. నేను గబగబా నేర్చేసుకుని పెద్ద పోజు కొట్టేదాన్ని. ఆయన నా వెనక నిలబడి, "తిప్పు తల్లీ, ఇంకా తిప్పు. ఎనకాల ఏటుందో సూడాలి," అనేవారు. చూసి, "అందంగానే ఉంది. మరా బోల్టు కాడికి పానా ఎలా ఎల్తాది? బిగించీవోడికి సెయ్యి ఉంటాది కదేటి," అనేవారు. నిజమే, పానా వెళ్ళే చోటే లేదు! నోరు మూసుకుని మళ్ళీ చేశాను.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ చూద్దును కదా, నా కుర్చీలో కూర్చుని ఒక్క వేలితో మౌసు నొక్కుతూ ఏదో దూలం నిలబెడుతున్నారు. నన్ను చూసి, "నవ్వకమ్మా. నేర్సుకుంతన్నాను," అన్నారు. యాభై దాటిన ఆ విద్యార్థి వినయం నాకు ఇరవై రెండేళ్ళకే లేకపోయింది.

ఇక అసలు సంగతి. రేవులో ఒక పెద్ద షెడ్డుకు ఉక్కు పని మాకొచ్చింది. మోడల్ నేను చేశాను, సరిచూసింది మాస్టారు. కుడివైపు ముక్కకు ఎడమవైపు ముక్క అద్దంలో బొమ్మలా ఎదురుగా రావాలి. అలా తీయకుండా ఉత్తినే తిప్పి పెడితే, రెండూ కుడికాలి చెప్పులే అయినట్టు, రంధ్రాలు అవతలివైపు పడతాయి. అదే జరిగింది. ఇనుము కోసి, రంగేసి, రేవుకు చేర్చాక ఒక వరుసకు వరుసే కూర్చోలేదు. మేనేజరు గారు మమ్మల్ని పిలిచి, దిద్దిన కాగితం తెమ్మన్నారు. ఎంత వెతికినా కనబడలేదు. మాస్టారు ఒక్క క్షణం నావైపు చూసి, "సెక్ సేసింది నాను సార్. నా కళ్ళు మసకబారిపోనాయి. పిల్లదాన్ననకండి," అన్నారు.

అంతే. అందరం నమ్మేశాం. నేనే ముందు నమ్మాను. ఆయన్ను ఆ పనినుంచి తప్పించి కాగితాలు పంపే మూలకు మార్చారు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఏం చెప్పను నా తెలివి! జాలిపడి నేనే ఆయన్ను వీధి చివరి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, అద్దాలు కూడా మార్చక్కర్లేదన్నారు డాక్టరు గారు. ఆయనకేం తెలుసులే అనుకున్నాను. మాస్టారు ఏడాది తిరక్కుండానే పని మానేశారు.

పన్నెండో రోజున మల్కాపురం వెళ్ళాను. మాస్టారి భార్య బీరువాలోంచి చుట్టిన కాగితం ఒకటి తెచ్చి, "నీ పేరుంది సూడమ్మా, నీదేనేటి?" అన్నారు. విప్పాను. రేవు షెడ్డు. ఎడమవైపు ముక్క చుట్టూ ఎర్రటి గీత. పక్కన ఆయన అక్షరాలు: "ఇది ఎదురు కాదు, తిప్పేశావు. దిద్దు." దాని పక్కనే పచ్చ టిక్కు, కింద నా పొట్టి సంతకం.

దిద్దకుండానే టిక్కు పెట్టాను. ఎందుకు పెట్టానో ఎంత తల బద్దలుకొట్టుకున్నా గుర్తు రావడం లేదు. తొందరా? పొగరా? ఆ కాగితం మేనేజరు గారి ముందు పడేస్తే మాస్టారి కుర్చీ మాస్టారికే ఉండేది. ఎందుకు దాచారు? నా ఉద్యోగం పోతుందనా? టిక్కు పెట్టాక మరోసారి చూడవలసింది తానే కదా, నన్ను నమ్మి వదిలేశానన్న సిగ్గా? కాల్చిపారెయ్యకుండా ఇన్నేళ్ళు ఎందుకు ఉంచుకున్నారు? నేనే ఏనాటికైనా వెళ్ళి అడుగుతాననుకున్నారా? పండక్కీ పబ్బానికీ వెళ్ళి కాఫీ తాగి వచ్చానే తప్ప ఒక్కసారైనా అడగలేదు. అమ్మగారిని అడిగితే, "నాకేటి సెప్పీవోరు కారమ్మా," అని కళ్ళు తుడుచుకున్నారు.

ఈ నగరంలో ఉక్కు డ్రాయింగు పట్టిన చేతుల్లో సగం ఆయన దిద్దినవే. అటువంటి కార్యదీక్షాపరుణ్ణి, అంతటి క్షమాశీలిని మళ్ళీ ఎక్కడ చూస్తాం? చివరికి చూపు తప్పి పొరపాటు చేసిన ముసలాయనగా ఆయన్ను తలుచుకునేవారు ఇంకా ఉన్నారు. వారి కోసమే ఇది రాస్తున్నాను: ఆయన తప్పును పట్టుకున్నారు. దిద్దకుండా దిద్దానన్నది నేను. ఆ తరువాత ఆయన కుర్చీలో కూర్చున్నదీ నేనే. రేపు అప్పటి మేనేజరు గారికి ఆ కాగితం చూపిస్తాను.

మాస్టారూ, ఇలా నలుగురిలో చెప్పడం మీకు ఇష్టమో కాదో కూడా నాకు తెలియడం లేదు. మీరుంటే అడిగేదాన్ని.