పడమటి దిక్కుకు తిప్పిన విమానం

మా బాపు నీళ్ళు లేని జిల్లాలో నీళ్ళ ఆఫీసు గుమాస్తా. మహబూబ్‌నగర్‌లో నేను కంప్యూటర్ నేర్చుకున్న సెంటరు మూతపడితే, అక్కడి పాత కంప్యూటరొకటి రిక్షాలో పెట్టించి, అది జారిపోకుండా దారంతా రెండు చేతులా పట్టుకుని ఇంటికి తెచ్చాడు. డిగ్రీ అయిపోయి ఖాళీగా కూర్చున్న నాకు దానివల్ల ఉద్యోగం వస్తుందని ఆయన ఆశ. ఉద్యోగం సంగతేమో గానీ, చాచీ మాత్రం వచ్చి కూర్చుంది.

చాచా, చాచీ మా ఇంటి ఓనర్లు. ముందు రెండు గదుల్లో మేము కిరాయికి ఉండేవాళ్ళం, వెనక వాళ్ళు. చాచా దర్జీ. జీవితమంతా మిషను తొక్కి, ముసలితనంలో హజ్‌కు పేర్లిస్తే ఆ ఏడు లాటరీలో ఇద్దరి పేర్లూ వచ్చాయి. గల్లీ గల్లీ మిఠాయి పంచాడు. పంచిన మర్నాడే చాచీ విమానం ఎక్కనని, రానని మొండికేసింది.

ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళు, ఆ పోట్లాట మాత్రం మా వాకిట్లోకొచ్చి తెలుగులో పెట్టుకున్నారు. తీర్పు మేము చెప్పాలి మరి.

"మిద్దె ఎక్కితెనే నాకు కండ్లు తిరుగుతయి. గాలిమోటర్ల నేనెట్ల కూసుంట? మీరు పోయి రాండ్రి" అంది చాచీ.

"నువ్వు లేకుంట నేనొక్కన్ని పోయి ఏం చెయ్యాలె? లగ్గమైన సంది ఇద్దరం పోదామనే అనుకుంటిమి గద!"

"ఓడల పోదాం."

"ఓడలు బంద్ అయినయి."

"అయితె నడిచి పోదాం."

చాచా లోపలికి పోయి కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, దాని పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పదిహేను రోజుల్లో హజ్ ఆఫీసుకు వస్తున్నదీ లేనిదీ చెప్పాలి. ఆమె పోకపోతే ఆయనా పోడు. ఆ మనిషి మొహం నేను చూడలేకపోయాను. అందుకే నోరు జారాను.

"చాచీ, గాలిమోటరు మా కంప్యూటర్ల చూపిస్త. చూసినంక చెప్పు."

నా నోటికి తాళమెక్కడిది! అప్పటికి విమానం ఆట నా దగ్గర లేనే లేదు. సెంటరు సారు దగ్గర ఉందని విన్నానంతే. ఆయన్ను బతిమాలితే నాలుగు ఫ్లాపీలిచ్చాడు. మూడోది చదవనంది. మళ్ళీ పోయి కాపీ చేసుకొచ్చాను. నాలుగూ ఎక్కించాక మెమరీలో జాగా చాలదని తెరమీద రాసింది. ఆ మాట చెవిన పడగానే బాపు, నేను వంటింట్లో ఉన్నప్పుడు, తను టైపు చేసి పెట్టుకున్న బదిలీ అర్జీలన్నీ తుడిచేశాడు.

"అయ్యో బాపూ, అవి ఉండే జాగా వేరు!"

"జాగ అంటె జాగనే బిడ్డా. ఆ అర్జీలతోని ఎట్లాగు బదిలీ కాలే."

మూడు రోజులు పోరాడాను. ఆఖరుకు మౌసును నడిపే ప్రోగ్రాం ఆపేస్తే అది పట్టేంత జాగా మిగిలి, ఆట మొదలైంది. నల్లటి తెరమీద నాలుగు పచ్చ గీతలు. అదే విమానాశ్రయమట.

ఆదివారం మధ్యాహ్నం చాచీ బుర్ఖా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. వెనక గదిలోంచి ముందు గదికి. ప్రయాణమంటే ప్రయాణమే కదా! బాపు కుర్చీలు బస్సులో సీట్లలాగా వరసగా వేసి, "కిటికీ పక్కకు కూసో చెల్లే" అని మర్యాద చేశాడు.

చాచా తెరను పట్టి పట్టి చూసి అడిగాడు, "బిడ్డా, గిది ఎటు మొకం చేసి ఉన్నది?"

చూశాను. మా బల్ల తూర్పు గోడకు ఆనించి ఉంది.

"మక్కా గిటున్నది గద!" అని వెనక్కి తిరిగి పడమటి గోడ చూపించాడు.

ఆటలో విమానం ఉన్నది అమెరికాలో, దిక్కు మార్చుకోవడానికి మీటలున్నాయి అని చెప్పబోయాను. ఎవరు వింటారు? బాపు, చాచా అప్పటికే బల్లకు చెరో పక్కన చెయ్యి వేశారు. డిగ్రీ చదివిన దాన్ని, సిగ్గులేకుండా నేనూ ఒక మూల పట్టాను. బల్ల సగం తిరిగేసరికి వైరు చాలక ప్లగ్గు ఊడింది, తెర నల్లబడింది. పడమటి గోడకు చేర్చి, పక్కింటి నుంచి పొడుగు వైరు తెచ్చి, ఆట మళ్ళీ మొదలుపెట్టేసరికి గంట దాటింది. డబ్బాలో చపాతీలు అందరం తినేశాం.

విమానం లేచింది. చాచీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "యా అల్లా! లేచింది!" అంది. ఆమె మొహంలో భయం సగం, సంబరం సగం. నా గుండె నిండిపోయింది. దింపబోయాను. కూలిపోయింది.

చాచా కళ్ళు దించేసుకున్నాడు. ఉన్న కాస్త ఆశనూ నా చేతులతో నేనే పాడు చేశానని ఏడుపొచ్చింది నాకు. చాచీ లేచి వెనక్కి వెళ్ళిపోయింది. అంతా అయిపోయిందనుకున్నాను. కాసేపటికి గుప్పెట్లో బియ్యంతో తిరిగొచ్చి, వాటిని ఒక గుడ్డలో పోసింది.

"సద్కా తీసిన. బీదోళ్ళకిస్తె, వచ్చే ఆపద గా బియ్యంతోనే పోతది. మల్ల లేపు."

మళ్ళీ లేపాను. మళ్ళీ కూలింది. మళ్ళీ గుప్పెడు బియ్యం. ఆ రోజు పదకొండు సార్లు. రోజూ మధ్యాహ్నం భోజనాలు కాగానే వచ్చేది. లేపడం నాకు బాగా వచ్చేసింది, దింపడం ఒక్కసారి కూడా రాలేదు. మూడో రోజుకు దర్గా ముందు కూర్చునే ముసలాయన మకాం మా గల్లీకి మార్చాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చోవడం చూస్తే చాలు, జోలె విప్పుకునేవాడు.

వారం తిరిగాక చాచీ బియ్యం డబ్బా అడుగు తడిమి చూసి, చాచాతో అంది.

"సామాన్లు సదురుండ్రి. పడేటి గాలిమోటర్లన్ని ఈడనే పడ్డయి. ఇగ మనకు ఏం మిగల్లే."

చాచా వెంటనే పోయి కుట్టుమిషను మీది గుడ్డ తీశాడు. సాయంత్రం దాకా ప్రయాణపు సంచులు కుడుతూనే ఉన్నాడు. ఆ మిషను చప్పుడు వింటూ నేను పనేమీ చెయ్యకుండా కూర్చున్నాను.

హజ్‌కు వెళ్ళినవాళ్ళు నెల దాటాక తిరిగొచ్చారు. గల్లీ అంతా దండలతో ఎదురెళ్ళింది. జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు పంచడం అయ్యాక చాచీ నేరుగా నా దగ్గరికొచ్చింది.

"లేచుడు అచ్చం నువ్వు చూపిచ్చినట్టే ఉండె. జర గూడ భయం కాలే. దిగుతుంటె మాత్రం ఇగ అయిపాయె అనుకున్న. నువ్వు దింపినప్పుడల్లా పడుడే గద! కండ్లు మూసుకొని మీ చాచా చెయ్యి పట్టుకున్న. గంతమంది ముందట పట్టుకునుడు గదే మొదలు. కండ్లు తెరిస్తె, గాలిమోటరు నిలబడి ఉన్నది. నిజం చెప్పు, దింపుడు నీకు వస్తదా?"

"రాదు చాచీ."

"రాకుంటనే నన్ను ఎక్కిచ్చినవా! వారెవ్వా!" అని, నవ్వు ఆపుకోలేక నా వీపు మీద ఒకటి చరిచింది. ఆ నవ్వులోనే కుర్చీ లాగింది. "కూసో. వచ్చేటప్పుడు కండ్లు తెరిచే చూసిన. నేను చెప్త."

కూర్చున్నాను. బల్ల ఇంకా పడమటి గోడకే ఉంది.

"ముందుగాల ఇంజను సప్పుడు తగ్గుతది. తగ్గియ్యి. ఇంక జర. ఉరకకు, నువ్వెప్పుడు గక్కడనే ఉరుకుతవు. ఇప్పుడు ముక్కు కొద్దిగ మీదికి లేపు... ఆఁ, గట్ల."

విమానం నేలకు తగిలి, ఒకసారి ఎగిరి, మళ్ళీ తగిలి, పచ్చ గీతల మధ్య ఆగింది. ఆగి అక్కడే ఉంది. బాపు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చాచీ వెనక్కి వెళ్ళి గుప్పెడు బియ్యం తెచ్చింది.

"ఎందుకు చాచీ? పడలే గద!"

"పడలే, గందుకే" అంది.