వణకనివ్వవే

నా చిన్నప్పుడు ఐర్లండులోని వాటర్‌ఫోర్డ్‌లో తెలుగు వినిపించే ఇల్లు, నాకు తెలిసినంతలో, మాదొక్కటే. నాన్న అక్కడ డాక్టరు. భీమవరం నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన మా నాయనమ్మ, కార్తీకమాసం రాగానే తెల్లారి సముద్రస్నానం చేసి తీరాలంది. నవంబరు చలిలో! నాన్న మొత్తుకున్నారు. "కాలవ లేకపోతే ఏం, సముద్రముందిగా" అని ఆవిడ సంచి సర్దేసుకుంది.

నాకు లోలోపల సంబరం. పక్కింటి ఐరిష్ అక్క, ఆమె స్నేహితురాళ్లు చలికాలమంతా ఆదివారాలు అదే తీరంలో ఈదేవారు. నన్నూ కలుపుకోమంటే, "వేడిదేశం పిల్లవి, కాలివేళ్లు తడిసేలోపే వణికిపోతావు" అని నవ్వారు. ఒక్కసారి వణక్కుండా నిలబడి చూపిస్తే కలుపుకుంటామన్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పౌరుషం మాత్రం తొంభై ఏళ్లకు సరిపడా ఉండేది.

ఆ ఆదివారం నాయనమ్మ చీర గోచీపోసి కట్టుకుని, "గోవిందా" అంటూ మూడు మునకలేసింది. నేనూ వేశాను. ఒడ్డుకొచ్చాక ఆవిడ పళ్లు టకటకలాడుతున్నాయి, ఆవిడేమో సిగ్గూ ఎగ్గూ లేకుండా పకపకా నవ్వుతోంది. నేను మాత్రం దవడ బిగించి, పిడికిళ్లు బిగించి కర్రలా నిలబడ్డాను. పక్కింటి అక్క నా చుట్టూ తిరిగి చూసి, "గ్రాండ్, వణకట్లేదే!" అంది. గెలిచాననుకున్నాను.

నాయనమ్మ నా మొహం చూసింది. "ఏంటే ఆ బిగింపు? పెదాలు నేరేడుపళ్లయిపోయాయి" అంది. సంగతి చెప్పాను. తిడుతుందనుకుంటే, నన్ను తువ్వాలులో చుట్టి, "అబ్బో! వణుకే ఆపేసిన మొనగత్తెవా? అయితే ఊపిరి కూడా ఆపవే, చూద్దాం" అంది. ముక్కు మూసుకున్నాను. ఇరవై దాకా లెక్కపెట్టిందో లేదో, నోరు దానంతటదే తెరుచుకుంది.

"చూశావా? ఒళ్లు నీ పెత్తనంతో నడవట్లేదే, పిచ్చిమొహమా. ఎండకి చెమట పోసి చల్లబరుచుకుంటుంది, చలికి కండలు ఆడించి వేడి పుట్టించుకుంటుంది. లోపల ఎంత వెచ్చగా ఉండాలో దానికి తెలుసు. వణుకంటే ఒళ్లు పనిలో ఉందన్నమాట. పిరికితనమని ఎవరన్నారు? వణకనివ్వవే!"

దవడ వదిలాను. అమ్మో, ఆ వణుకు! మోకాళ్లు, భుజాలు, ఆఖరికి చెవులు కూడా ఊగాయి. పందెం పోయిందని ఏడుపొచ్చింది. తలెత్తి చూస్తే పక్కింటి అక్క గడ్డం కూడా అదురుతోంది. పాపం, తనూ ఇన్నాళ్లూ బిగబట్టుకునే ఉందట! నాయనమ్మ ఆమెనూ లాగి, ఇద్దర్నీ ఒకే రగ్గులో కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి శొంఠికాఫీ పోసింది. అక్క మొదటి గుక్కకే దగ్గి, ఇంకాస్త పోయమంది. వచ్చే ఆదివారం రమ్మని తనే పిలిచింది.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ఆపరేషన్ అయి బయటికొచ్చినవాళ్లు గజగజ వణుకుతూ "సారీ" అనేవారు. ఇక్కడివాళ్లు దేనికైనా సారీ చెప్తారు. దుప్పటి కప్పి, నాయనమ్మ మాటే ఇంగ్లీషులో చెప్పేదాన్ని. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ అదే నేర్పాను.

రిటైరై చాలా ఏళ్లయ్యాక, పోయినేడాది నా మోకాలికి ఆపరేషన్ చేశారు. మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా వణుకు. పాత పరిచయస్తులు ఎవరైనా చూస్తే పరువేం కావాలని, ఊరందరికీ చెప్పిన నేనే పళ్లు బిగించాను! కొత్తగా చేరిన ఐరిష్ నర్సు ఒకమ్మాయి వెచ్చని దుప్పటి కప్పుతూ, "బిగించకండి. మీ ఒళ్లు దాని పని చేసుకుంటోంది, చేసుకోనివ్వండి" అంది.

ఎవరు నేర్పారమ్మా అన్నాను. "మా సీనియర్ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో తెలీదు" అంది.

నాకు తెలుసు. గోచీ పోసుకుని ఐర్లండు సముద్రంలో మూడు మునకలేసిన మనిషి. దవడ వదిలేసి, గర్వంగా వణికాను.