అద్దం మేస్త్రి బాతుల పెట్టె

తోటి వడ్రంగులు ఆయన్ని అద్దం మేస్త్రి అంటారు. ఆయన చిత్రిక పట్టిన చెక్క మీద చీమ ఎక్కినా కాలు జారాలి. జారలేదంటే మళ్ళీ చిత్రిక పడతాడు. నలభై ఏళ్ళుగా నిలబెట్టుకున్న పేరది!

చెరువు గట్టున ముసలి చెట్లన్నీ కొట్టేశారు. చెట్టుతొర్రల్లో గుడ్లు పెట్టే బాతులు దిక్కులేక తిరుగుతుంటే ఆయనకి మనసాగలేదు. కిందటేడు ఓ చెక్కపెట్టె చేసి స్తంభానికి ఎత్తుగా బిగించాడు. వారం తిరక్కుండానే ఓ ఆడబాతు దిగింది. ఇక మేస్త్రి ఊరంతా టముకేశాడు. కానీ పిల్లలు ఒక్కటీ బయటికి రాలేదు. తెరిచి చూస్తే ఏడు పిల్లలూ అడుగున చచ్చిపడి ఉన్నాయి. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు.

ఈ ఏడు మళ్ళీ అదే బాతు, పదకొండు గుడ్లు.

"అన్నా, గుడ్లల్లోంచి కిచకిచలు వినిపిస్తున్నాయి. రేపో ఎల్లుండో పిల్లలే!" అని చెరువు వాచ్‌మన్ కబురు చెప్పాడు. మేస్త్రి ఇంటికొచ్చాడన్నమాటే గానీ ముద్ద దిగలేదు.

బల్ల మీద కొత్త పెట్టె ఇంకోటి సగంలో ఉంది. భార్య అందులోకి తొంగిచూసింది.

"చూడండి మీ గొప్ప! పొద్దుట్నించీ ఈ పురుగు ఎక్కడం, జారడం. పాపం, పట్టు దొరికితేగా?"

మేస్త్రి లోపలి గోడని వేలితో తడిమాడు. "ఒసేయ్... కన్నమేమో పైన, గోడేమో అద్దం. ఆ పిల్లల్ని నేనే చంపానే!"

గూట్లో ఉలి వేస్తే గుడ్లు అదురుతాయి. అందుకని పల్చటి పలక తీసుకుని గాట్లు పెట్టడం మొదలెట్టాడు. చెయ్యి ఊరుకుంటేనా! గాటు పెట్టడం, అంచు నున్నగా గీకడం.

"మళ్ళీ నునుపేనా? ఇటివ్వండి!" ఆవిడ ఉలి లాక్కుంది. "పెళ్ళైన కొత్తలో నా ఉల్లిపాయ ముక్కల్ని చూసి నవ్వేవారే, అలా ఉండాలి." అడ్డదిడ్డంగా చెక్కి పారేసింది.

తెల్లారి బాతు మేతకెళ్ళగానే మేస్త్రి నిచ్చెనెక్కాడు. గుడ్ల పక్కనుంచి కన్నందాకా పలక నిలబెట్టి, సుత్తి ముట్టకుండా, రెండు మరమేకులు చేత్తోనే తిప్పి బిగించాడు.

"అన్నా, దిగు! తల్లొచ్చేస్తోంది!" కిందనుంచి వాచ్‌మన్ కేకేశాడు.

ఆయన దిగాడు. బాతు పెట్టె చుట్టూ ఓ చక్కరు కొట్టి లోపలికి దూరింది.

మూడోనాడు పొద్దున్న తల్లి నీళ్ళలోంచి పిలిచింది. కన్నంలో దూదిపింజంత తల. దబ్! గడ్డిలోకి దూకేసింది. దాని వెనకాల ఇంకోటి. మేస్త్రి వేళ్ళు మడుస్తున్నాడు. పది దగ్గర లెక్క ఆగిపోయింది. కన్నం ఖాళీ.

"రావే తల్లీ, గట్టిగా పట్టుకో..." భార్య గొణిగింది.

గరగరమని చప్పుడు. పదకొండోది బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, దర్జాగా దూకింది!

వాచ్‌మన్ ఈల వేశాడు. నిచ్చెనెక్కి, ఖాళీ అయిన పెట్టెలో చెయ్యి పెట్టి తడిమి, "ఇంత గరుకా? ఇది నీ పనేనా అన్నా?" అన్నాడు.

మేస్త్రి ఛాతీ విరుచుకున్నాడు. "నాదెక్కడిది! మీ వదిన చేతి పని. ఇంకో పది పెట్టెలకి గాట్లు పెట్టమని ఆవిడకే పురమాయించేశాను."