తడి పాదాల పెళ్లిచూపులు

మా హెడ్మాస్టారు బడికి రాకముందు మిలటరీలో పనిచేశారు. చోడవరంలో ఉద్యోగం వచ్చి ఏళ్లు గడిచినా మిలటరీ ఆయన్ని వదల్లేదు. ప్రార్థనలో పిల్లల గోళ్లు చూసి, ఆపైన మా మాస్టర్ల గోళ్లు కూడా చూసేవారు. ఇంట్లో ఆయన ఈల వేస్తే ముగ్గురు పిల్లలూ వరసలో నిలబడేవారు. ఆవుదూడ కూడా నిలబడేది.

పక్క వాటాలో అద్దెకుండేవాణ్ణి కనుక పెద్దమ్మాయి పెళ్లిచూపులకు నన్నూ కూర్చోబెట్టారు. డెబ్భైల మొదట్లో ఒక ఆదివారం. వడ్డాది నుంచి పెళ్లికొడుకు, తల్లి, మేనమామ వచ్చారు. అబ్బాయి పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. ఫోటో చూసినప్పటినుంచీ అమ్మాయికి ఈ సంబంధం మీదే మనసుందని మా ఆవిడ ముందే చెప్పింది.

అరుగు మీద చెంబుతో నీళ్లిచ్చారు. అబ్బాయి కాళ్లు కడుక్కుని తువ్వాలు కోసం చెయ్యి చాచాడు.

"పరవాలేదు, అలాగే వచ్చీ బాబూ" అన్నారు హెడ్మాస్టారు.

అబ్బాయి నున్నటి గచ్చు మీద తడికాళ్లతో నడిచి వెళ్లి కూర్చున్నాడు. ఈయన వంగి ఆ అడుగులను ఒక్కొక్కటే పరీక్షించారు. మడమ నుంచి వేళ్ల దాకా ఎక్కడా సందు లేదు. అట్లు పోసినట్టు పడ్డాయి.

"అరికాల్లో వంపు లేదు. ఇలాంటివాణ్ణి సైన్యం తీసుకోదు. అన్‌ఫిట్! నెక్స్ట్!"

నెక్స్ట్ ఎవరూ లేరు. మేనమామ మాత్రం తన కాళ్లు కుర్చీ కిందకు లాక్కున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి హెడ్మాస్టారి భార్య అందుకుంది. "ఏటండీ ఇది? ఆ బాబుని మిలట్రీకి తీసుకుంతన్నారా, అల్లుణ్ణి సేసుకుంతన్నారా?"

"పాతిక మైళ్లు నడవలేడే!"

"ఎందుకు నడాలి? బస్సుంది కదా!"

పెళ్లికొడుకు తల్లి లేచింది. "మా గుంటడి కాళ్లకేటి లోటండీ? పదరా, పోదాం."

అబ్బాయి లేచాడు గానీ కదల్లేదు. కాళ్లింకా తడిగానే ఉన్నాయి. మళ్లీ అడుగులు పడతాయని భయం కాబోలు.

అంతలో ఫలహారాల పళ్లెంతో రావలసిన అమ్మాయి నీళ్లచెంబుతో వచ్చింది. తన పాదాల మీద గుమ్మరించుకుని, అబ్బాయి అడుగుల పక్కనే గోడదాకా నడిచింది.

"ఇవి కూడా సూడండి నాన్నా."

పెద్ద అట్ల పక్కన చిన్న అట్లు.

హెడ్మాస్టారు వంగి వాటినీ ఒక్కొక్కటే పరీక్షించారు. "కళ్ల ముందే పెరిగింది, ఎప్పుడూ చూడలేదే!" అన్నారు చివరికి.

"మరి నన్నేటి సేత్తారు? నన్ను కూడా నెక్స్ట్ అంటారా?"

ముందు నవ్వింది పెళ్లికొడుకు తల్లే. "మావోడికి జోడు కుదిరిందండీ" అంటూ మళ్లీ కూర్చుంది.

హెడ్మాస్టారు నిటారుగా లేచి అబ్బాయి ఎదుట నిలబడి, "స్టాండ్ ఎట్ ఈజ్!" అన్నారు.

ఆ మాటకు అబ్బాయి ఇంకా బిగుసుకుపోయాడు.

"కూకో బాబూ," అంది హెడ్మాస్టారి భార్య కాఫీ అందిస్తూ. "నువ్వు ఆయనకి నచ్చేవట."