పదహారున్నర మిల్లీమీటర్లు

నా భార్య పుట్టిల్లు రైలు పట్టాల పక్కనే. శ్రీకాకుళం వైపు అప్పట్లో చిన్న బండి నడిచేది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. పెళ్ళయి, ఓడెక్కి ఈ జంగ్లీఘాట్‌కు వచ్చాక ఆమె మళ్ళీ రైలు చూడలేదు. ఈ దీవుల్లో రైలు లేదు. నేనైతే ఇక్కడే పుట్టాను, ఎన్నడూ ఎక్కలేదు.

నీటికాసులు ఆమె కళ్ళను తినేస్తున్నాయని డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నదీ నిలవదు. గుండె బలహీనం కాబట్టి ఓడా వద్దు, విమానమూ వద్దన్నాడు. ఇంటికొచ్చాక ఆమె అడిగింది ఒక్కటే.

"మా బండి ఒక్కసారి సూడాలనుందయ్యా."

"మీ బండి ఎక్కడుందే? ఆ లైను పీకీసి పెద్ద లైను ఏసీసినారు కదేటి."

"తెలుసు. అయినా సూడాలనుంది."

చూపు పోయేలోగా బొమ్మ రైలైనా చూపిద్దామనుకున్నాను. పక్కింటి కోడలు ఫోనులో వెతికింది. ఇంజను ఒకచోట బాగుంది, పట్టాలు మరోచోట. రెండూ తెప్పించమన్నాను. బతుకంతా బోట్లు కట్టినవాణ్ణి. బోటుకు చెక్క ఒకరి దగ్గర, ఇంజను ఇంకొకరి దగ్గర కొంటాం. సరిపోకపోతే కింద చెక్క ముక్క వేసి కూర్చోబెడతాం. రైలూ అంతే అనుకున్నాను.

డబ్బాలు వచ్చాయి. ముసలితనంలో సాయంత్రం బడికి వెళ్ళి ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్చుకున్నాను కాబట్టి పైన రాసింది నేనే చదివాను. ఇంజను మీద హెచ్ ఓ, పట్టాల మీద ఎన్. చదవడం వచ్చింది, సంగతి తెలియలేదు. ఇంజను పెడితే చక్రాలు పట్టాలకు రెండు పక్కలా వేలాడాయి. చక్రాలను అరగదీద్దామని ఆకురాయి తీశాను.

పక్కింటి కోడలు ఫోను చూసి సంగతంతా చెప్పింది. వందేళ్ళకు పైబడిన మాట. జర్మనీ బొమ్మలవాళ్ళు పట్టాల వెడల్పులకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టారట. తరవాత ఒకటి కన్నా చిన్నది చేసి దాన్ని సున్నా అన్నారు. అదీ ఇళ్ళల్లో పట్టక దాంట్లో సగం చేశారు. అదే హెచ్ ఓ, అంటే హాఫ్ సున్నా: పట్టాల ఎడం పదహారున్నర మిల్లీమీటర్లు, బండి అసలుదాంట్లో ఎనభై ఏడో వంతు. ఎన్ అయితే ఎడం తొమ్మిదే.

"సున్నాలో సగం ఏటే? బుర్ర ఉన్నోళ్ళేనా?"

"మీరు ముందు ఆ ఆకురాయి కింద పెట్టండి మావయ్యా. టూట్ జాయేగా, విరిగిపోతుంది."

"మరి మా ఇంటిదాని ఊరి చిన్న బండికి ఏ కొలత?"

"చిన్న లైను బళ్ళకీ కొలతలున్నాయి. లేకిన్ ఆ బండి బొమ్మ ఎవరూ చెయ్యట్లేదు మావయ్యా."

వేరే పట్టాలు తెప్పించమన్నాను. ఈలోగా సముద్రం పొంగింది, ఓడలు ఆగాయి. నా భార్య రోజూ పొద్దున లేచి కిటికీ వైపు తిరిగి కూర్చునేది, ఎంత కనపడుతోందో చూసుకోవడానికి. కొన్నాళ్ళకు గోడ వైపు తిరిగి కూర్చుంది.

పట్టాలు వచ్చేసరికి ఆమెకు లైటు వెలుగుతోందో లేదో కూడా తెలియడం లేదు. అయినా బల్ల మీద గుండ్రంగా పేర్చి ఇంజను వదిలాను.

"నడుస్తందా?"

"నడుస్తంది."

"నల్లదేనా?"

"నల్లదే," అన్నాను. ఎర్రది.

ఆమె తడుముకుంటూ చెయ్యి పట్టాల మీద పెట్టింది. ఇంజను వచ్చి వేళ్ళకు తగిలి ఆగింది; చక్రాలు అక్కడే కీచుమంటూ గిర్రున తిరుగుతున్నాయి. ఆమె చెయ్యి తీయలేదు.

"మా బండి ఇలగ అరిసేది కాదు. ఆపీయ్."

ఆపేశాను. పట్టాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. అన్నం తినేటప్పుడు కంచం వాటికి తగులుతుంది. ఆమె పట్టాలు తియ్యమనదు, కంచాన్నే కాస్త తన వైపుకు జరుపుకుంటుంది.